మద్రాసు 1937: కూర్మా వెంకటరెడ్డి నాయుడు ప్రభుత్వమా, రాజాజీ ప్రభుత్వమా?

రెండూ 1935 భారత ప్రభుత్వ చట్టం కింద ఏర్పడ్డవే, గవర్నరూ ఒక్కడే, ఎర్‌స్కిన్. తేడా అంతా శాసనసభ బలంలో ఉంది.

ఎన్నికల్లో 215 స్థానాలకు కాంగ్రెస్ 159 గెలిచింది. అప్పటిదాకా ప్రభుత్వం నడిపిన జస్టిస్ పార్టీ (బ్రాహ్మణేతరుల పార్టీ) నేత బొబ్బిలి రాజాను ఆయన సొంత గడ్డమీదే వి.వి.గిరి ఓడించారు. అయితే గవర్నర్ ప్రత్యేకాధికారాలు వాడనని మాటిస్తేనే పదవులు తీసుకుంటామని కాంగ్రెస్ పట్టుబట్టింది. దాంతో ఏప్రిల్ 1న జస్టిస్ పార్టీ నాయకుడు కూర్మా వెంకటరెడ్డి నాయుడు మద్రాసు ప్రధాని (ఇప్పటి ముఖ్యమంత్రి లాంటి పదవి) అయ్యారు. ఆయన అనుభవం తక్కువదేమీ కాదు: మాజీ మంత్రి, దక్షిణాఫ్రికాలో భారత ప్రభుత్వ ప్రతినిధి (ఏజెంటు), అంతకుముందు ఏడాదే తాత్కాలిక గవర్నరు. కానీ ఆ పార్టీకి సభలో ఉన్నవి 18 సీట్లే. ఎంత సమర్థుడైనా సభలో నెగ్గలేని మంత్రివర్గం గవర్నరు నీడలోనే బతకాలి. ఓటేసిన జనానికి అది అన్యాయమే అంటాను. ఆ మంత్రివర్గం జులై మధ్యలో దిగిపోయింది.

తర్వాత వచ్చిన రాజాజీ మంత్రివర్గం రెండేళ్లకు పైగా నిలిచింది. సేలం జిల్లాలో మద్యనిషేధం, రైతు రుణ విమోచన చట్టం, ఆలయ ప్రవేశ చట్టం తెచ్చింది. రెవెన్యూ మంత్రి ప్రకాశం పంతులుగారి అధ్యక్షతన జమీందారీ విచారణ సంఘం వేశారు. మన పల్లెలకు అన్నిటికన్నా దగ్గరిది అదే. హిందీని బడుల్లో తప్పనిసరి చేయడం మాత్రం దాని పెద్ద తప్పు, అరవనాట గట్టి ప్రతిఘటన వచ్చింది.

మెజారిటీ ఉన్నా ఈ ప్రభుత్వమూ పూర్తికాలం సాగలేదు. ప్రజాప్రతినిధుల్ని అడక్కుండా బ్రిటిష్ ప్రభుత్వం భారత్‌ను రెండో ప్రపంచ యుద్ధంలోకి దింపినందుకు 1939 అక్టోబరులో రాజీనామా చేసింది.