పదకొండేళ్ల టీఐ-84 ప్లస్: ఎర్రర్ వస్తే కంగారుపడకుండా 2 నొక్కండి

డల్లాస్ వచ్చిన కొత్తల్లో కమ్యూనిటీ కాలేజీలో స్టాటిస్టిక్స్ క్లాసు కోసం సెకండ్‌హ్యాండ్‌లో కొన్నాను ఈ కాలిక్యులేటర్‌ని. ఇంటర్ లాగ్ టేబుల్స్‌తో, ఇంజనీరింగ్ క్యాసియో సైంటిఫిక్‌తో గడిచిపోయాయి కాబట్టి గ్రాఫ్ గీసే కాలిక్యులేటర్ పట్టుకోవడం అదే మొదలు. ఇప్పుడు మా పెద్దమ్మాయి హైస్కూల్‌కి తీసుకెళ్తోంది. కీల మీద అక్షరాలు అరిగాయి గానీ ఒక్క కీ కూడా మొరాయించలేదు.

మొన్న పరీక్ష ముందు రోజు రాత్రి "నాన్నా, ఇది పాడైపోయింది" అంటూ వచ్చింది. మామూలు సరళరేఖ ఇచ్చి గ్రాఫ్ నొక్కినా ఇన్‌వాలిడ్ డిమ్ (లిస్టు సైజు సరిగా లేదు) అంటోంది. సమీకరణాలు రాసే వై ఈక్వల్స్ స్క్రీన్ తెరిస్తే పైన ప్లాట్1 నల్లగా కనిపించింది, అంటే ఆన్‌లో ఉంది. క్లాసులో స్కాటర్ ప్లాట్ (చుక్కల గ్రాఫ్) గీసి, తర్వాత దాని అంకెలున్న లిస్టులు ఖాళీ చేసి, ప్లాట్ ఆఫ్ చేయడం మర్చిపోయింది, అంతే. పై బాణంతో దాని మీదకెళ్లి ఎంటర్ కొట్టగానే గీత వచ్చేసింది.

సింటాక్స్ ఎర్రర్ (టైపు చేసిన తీరులో తప్పు) వస్తే చాలామంది క్విట్ కొట్టి మొత్తం మళ్లీ టైపు చేస్తారు. వద్దు, కింద 2 దగ్గరున్న గోటూ నొక్కండి, తప్పు ఉన్నచోటే కర్సర్ నిలబడుతుంది. చాలాసార్లు దోషి మైనస్సే. తీసివేత కీ వేరు, ఎంటర్ పక్కన బ్రాకెట్లలో ఉండే రుణ గుర్తు వేరు, స్క్రీన్ మీద రుణ గుర్తు కాస్త పొట్టిగా ఉంటుంది. లైను మొదట్లో తీసివేత కొడితే అసలు ఎర్రరే రాదు, పాత జవాబులోంచి తీసేసి తప్పు సమాధానం చూపిస్తుంది. నాకు ఎర్రర్ కంటే దీంతోనే ఎక్కువ టెన్షన్. సైన్ 30 కి 0.5 బదులు మైనస్ 0.988 వస్తే మాత్రం కోణాల మోడ్ డిగ్రీల్లో కాకుండా రేడియన్‌లో ఉన్నట్టు.

ప్రోగ్రాములు రాసేవాళ్లకు ఒక మాట. స్క్రీన్ మీద చూపించమనే డిస్ప్ లాంటి కమాండ్లను అక్షరం అక్షరం కొట్టకూడదు, పీఆర్‌జీఎం (ప్రోగ్రామ్) మెనూలోంచో క్యాటలాగ్‌లోంచో ఎంచుకోవాలి, లేదంటే డి, ఐ, ఎస్, పి అనే నాలుగు వేరియబుల్స్ గుణకారం అనుకుంటుంది. ఇఫ్-దెన్ బ్లాకు మధ్యలోంచి గోటూ కమాండ్‌తో (ఎర్రర్ మెనూలోది కాదు) బయటికి దూకి, బ్లాకు ముగించే ఎండ్ వదిలేస్తే ఇంకో చిక్కు ఉంది. నేను రాసిన వర్గ సమీకరణాల ప్రోగ్రాము మొదట బాగానే నడిచేది, ఆపకుండా పదేపదే తిప్పేసరికి మెమరీ ఎర్రర్ ఇచ్చేది. మూసుకోని ప్రతి బ్లాకూ కొంచెం ర్యామ్ పట్టుకునే ఉంటుందని తెలుసుకోవడానికి నాకు రెండు వారాలు పట్టింది. ఉన్నదే 24 కిలోబైట్లు కదా!

అలా కష్టపడి రాసినవన్నీ ఒకసారి ర్యామ్ క్లియర్డ్ అన్న ఒక్క మాటతో పోయాయి. అప్పటినుంచి ప్రోగ్రాము అవగానే సెకండ్, మెమ్, 2 నొక్కి, ప్రోగ్రాముల్లో దాని మీద ఎంటర్ కొడతాను, పేరు పక్కన చుక్కగుర్తు (*) పడితే ర్యామ్ తుడిచిపెట్టుకుపోయినా పోని ఆర్కైవ్‌కి వెళ్లినట్టే. అక్కణ్నుంచి నేరుగా నడవదు, నడపాలంటే మళ్లీ అలాగే బయటికి తీయాలి. కొంచెం చిరాకే, అయినా వదలను. మా అమ్మాయి కూడా ఇప్పుడు చుక్కగుర్తు చూసుకున్నాకే బ్యాగులో పెడుతోంది.