కొత్త ప్లేయర్‌లో ఏ సంగీతం వేసుకోవాలి: చాలాకాలం వాడాక నిలిచినవి, తీసేసినవి

జేబులో పట్టే మ్యూజిక్ ప్లేయర్ కొన్న కొత్తలో అందరూ చేసే పని ఒకటుంది. కంప్యూటర్‌లో ఉన్న పాటలన్నీ ఒక్కసారే కార్డులోకి కుమ్మరించేస్తారు. కొన్నాళ్లకు చూస్తే తిప్పితిప్పి వినేవి కొన్నే, మిగతావన్నీ దాటేసేవే. వాటిలో సంగీతం బాగోలేక కాదు. ఇంట్లో స్పీకర్ల ముందు కూర్చుని విన్నప్పుడు బాగున్నది, చుట్టూ బస్సు రొద ఉండగా ఇయర్‌ఫోన్లలో అంతే బాగుండాలని లేదు. అందుకే ప్లేయర్‌కి సంగీతం ఎంచుకునేటప్పుడు నేను గాయకుల కంటే, బిట్‌రేట్ (సెకను పాటకి వాడే డేటా) కంటే ముందు ఒక్క సంగతి చూస్తాను: ఆ రికార్డింగులో అన్నిటికంటే మెల్లగా ఉన్న చోటుకీ, అన్నిటికంటే గట్టిగా ఉన్న చోటుకీ తేడా ఎంత?

ఈ తేడా ఎంత ఇబ్బంది పెడుతుందో తెలియాలంటే ఫ్రెంచ్ స్వరకర్త రావెల్ 1928లో రాసిన ఆర్కెస్ట్రా కృతి బొలేరో రైల్లో విని చూడండి. పావుగంట సేపు ఒకే లయ. మొదట్లో స్నేర్ డ్రమ్ము చెవికి ఆనీ ఆనకుండా మొదలవుతుంది, చివరికి ఆర్కెస్ట్రా మొత్తం విరుచుకుపడుతుంది. మొదటి రెండు నిమిషాలు వినబడాలంటే వాల్యూమ్ బాగా పెంచక తప్పదు. అలా పెంచి వదిలేస్తే ఆఖరి రెండు నిమిషాలు చెవులకు హాని. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే హద్దు 80 డెసిబెల్స్ దగ్గర వారానికి 40 గంటలు. పైన ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ సమయం సగానికి పడిపోతుంది. కాబట్టి పెద్ద సింఫనీలు, మంద్రస్థాయిలో మెల్లగా మొదలయ్యే ధ్రుపద్ ఆలాపనలు ప్రయాణానికి వద్దు. ఆలాపన విషయంలో ఇంకో నష్టం కూడా ఉంది. రొదలో ముందు మునిగిపోయేది తంబురా. శ్రుతి వినబడకపోతే గాయకుడు స్వరం మీద నిలబడ్డ తీరు మనకు అందదు, పాట సగం పోయినట్టే.

బయట తిరిగేటప్పుడు బాగా పనికొచ్చేది హార్ప్సికార్డ్, అంటే పియానోలా మీటలుండి, నొక్కితే లోపల తీగని మీటే పాత వాద్యం. చాలామంది దీన్ని పట్టించుకోరు. ఈ వాద్యంలో మీట ఎంత గట్టిగా నొక్కినా, ఎంత మెల్లగా నొక్కినా తీగ దాదాపు ఒకే స్థాయిలో పలుకుతుంది. అందువల్ల రికార్డింగులో ఎత్తుపల్లాలు తక్కువ, ఒకసారి పెట్టిన వాల్యూమ్ చివరిదాకా సరిపోతుంది. జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్‌తో మొదలుపెట్టండి. ఒక ఆరియా (మొదటి పాట), దాని మీద అల్లిన 30 వేరియేషన్లు, మళ్లీ అదే ఆరియా, మొత్తం 32 ముక్కలు. ఎక్కడ ఆపినా మళ్లీ అక్కడి నుంచి అందుకోవచ్చు. పియానో మీద కావాలంటే కెనడా పియానిస్టు గ్లెన్ గూల్డ్ రికార్డింగులు రెండున్నాయి. 1955 నాటిది సుమారు 38 నిమిషాలు, వేగంగా సాగుతుంది, ప్రయాణానికి అది సరి. 1981 నాటిది 51 నిమిషాలు, నెమ్మది. అది రాత్రి ఇంట్లో వినాల్సినది. గూల్డ్ వాయిస్తూ కూనిరాగం తీయడం ఇయర్‌ఫోన్లలో స్పష్టంగా వినబడుతుంది, ఫైలు చెడిందనుకోకండి.

హార్ప్సికార్డ్‌తో ఒక్క జాగ్రత్త. 128 కేబీపీఎస్ (సెకనుకి కిలోబిట్లు) ఎంపీ3లో దీని మీటు, అంటే తీగ పలికే తొలి క్షణం, చెదిరిపోతుంది. ఎన్‌కోడర్, అంటే ఎంపీ3 తయారుచేసే ప్రోగ్రాము, శబ్దాన్ని చిన్న ముక్కలుగా కోసి కుదిస్తుంది. ఆ కుదింపులో పుట్టే రొద ముక్క అంతటా పరుచుకుంటుంది కాబట్టి, మీటు ఇంకా పడకముందే ‘ష్’ మని వినబడుతుంది. హఠాత్తుగా మొదలయ్యే ఏ శబ్దానికైనా ఇదే గతి: ఘటం, కంజీర, కచేరీ చివర చప్పట్లు. వీటికి ఎంపీ3 అయితే కనీసం 192 పెట్టండి, వీలైతే ఏఏసీ (ఎంపీ3 లాంటిదే, ఇంకో కుదింపు పద్ధతి) వాడండి.

నాదస్వరం, డోలు కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఆరుబయట దూరానికి వినబడేందుకు రూపుదిద్దుకున్న వాద్యాలవి, రోడ్డు రొదకి లొంగవు. వీణ అలా కాదు. గమకం చివర తీగ సన్నగిల్లే చోటే దాని అందమంతా ఉంటుంది, సరిగ్గా ఆ చోటే బయట వినబడదు. వీణని ఇంటికి ఉంచుకోండి.

జాజ్ కొత్తవాళ్లకి నేను మొదట చెప్పేది ట్రంపెట్ వాద్యకారుడు మైల్స్ డేవిస్ 1959 నాటి ఆల్బమ్ కైండ్ ఆఫ్ బ్లూ. ఐదు ట్రాకులు, 45 నిమిషాలు, చిన్న బృందం. ప్రతి వాద్యం విడివిడిగా నిలబడి వినబడుతుంది. అయితే ముద్రణ (ఎప్పుడు విడుదలైన ప్రతి) చూసి తీసుకోండి. రికార్డింగ్ సమయంలో టేపు యంత్రం ఒకటి కాస్త నెమ్మదిగా నడవడంతో రికార్డు పళ్లెం మొదటి వైపు మూడు ట్రాకులూ దశాబ్దాలపాటు శ్రుతి కొంచెం హెచ్చి వచ్చాయి. 1990లలో వచ్చిన ముద్రణల్లో దాన్ని సరిచేశారు. మామూలు శ్రోతకి తెలియకపోవచ్చు గానీ, దానితో పాటు ఏదైనా వాద్యం వాయించి సాధన చేసేవాళ్లకి వెంటనే తెలుస్తుంది.

ఆల్బమ్ నిడివి గురించి కూడా చెప్పాలి. ఎల్పీ (పెద్ద రికార్డు పళ్లెం) కాలపు రికార్డులు 40 నుంచి 45 నిమిషాలు ఉంటాయి. ఒక నడకకో, ఒక ప్రయాణానికో అది చక్కగా సరిపోతుంది. విడిపాటల కట్టలు చాలావరకు ప్లేయర్‌లో పడి ఉంటాయి గానీ వినం. పూర్తి ఆల్బములే నిలుస్తాయి, ఎందుకంటే ఒకసారి నొక్కితే చాలు, మళ్లీ జేబులోంచి తీయనక్కర్లేదు.

పూర్తి ఆల్బములు వేసుకునేవాళ్లు ప్లేయర్ గ్యాప్‌లెస్‌గా (పాటకీ పాటకీ మధ్య ఖాళీ లేకుండా) పాడుతుందో లేదో ముందే చూసుకోవాలి. రాక్ బృందం పింక్ ఫ్లాయిడ్ 1973 నాటి ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్‌లో పాటలు ఒకదానిలోకి ఒకటి కలిసిపోతాయి. గ్యాప్‌లెస్ లేని ప్లేయర్‌లో ఆ అతుకుల దగ్గర చిన్న మౌనం పడి ధార తెగుతుంది. ఎంపీ3 ఫైలుకి మొదట్లో, చివర్లో కొంత ఖాళీ చేరుతుంది. ఎంత చేరిందో లేమ్ అనే ఎన్‌కోడర్ ఫైల్లోనే రాసి పెడుతుంది, కానీ ప్లేయర్ ఆ రాత చదివి ఖాళీని కత్తిరిస్తేనే ఉపయోగం. ఫ్లాక్ (నాణ్యత పోకుండా కుదించే పద్ధతి) ఫైల్లో ఆ ఖాళీ అసలు చేరదు. మీ ప్లేయర్ ఎంపీ3 దగ్గర తడబడుతుంటే, పాటలు కలిసిపోయే ఆల్బముల్ని మాత్రం ఫ్లాక్‌లో పెట్టుకోండి.

కచేరీ రికార్డింగులది వేరే సమస్య. రెండున్నర గంటల కచేరీ ఒకే ఫైలుగా ఉంటే, మధ్యలో ఆపిన చోటికి తిరిగి చేరడం చిన్న ప్లేయర్‌లో నరకం. వర్ణం, కృతులు, ఆలాపన, తని ఆవర్తనం (లయవాద్యాల వంతు), చివరి తుక్కడాలు (చిన్న పాటలు) ఎక్కడికక్కడ కోసి వరస నంబర్లు వేయండి. తని ఆవర్తనాన్ని తప్పకుండా వేరు ఫైలు చేయండి, కొందరికి అదే కావాలి, కొందరికి అది దాటాలి. కోసేటప్పుడు ఎంపీ3ని మళ్లీ ఎన్‌కోడ్ చేయని ప్రోగ్రామే వాడాలి, లేకపోతే నాణ్యత ఇంకో మెట్టు దిగుతుంది. ముందుకు జరిపినప్పుడు సమయం తప్పుగా చూపిస్తుంటే, అది వీబీఆర్ (బిట్‌రేట్ చోటుని బట్టి మారే) ఫైలై ఉండి మొదట్లో ఉండాల్సిన హెడర్ (ఫైలు వివరాల రాత) పోయి ఉంటుంది. ఆ హెడర్‌ని మళ్లీ రాసే ఉచిత ప్రోగ్రాములున్నాయి, పాట నాణ్యత ఏమీ మారదు.

1960లలో వచ్చిన తొలి స్టీరియో పాటలు కొన్నిట్లో గొంతు పూర్తిగా ఒక చెవిలో, వాద్యాలు ఇంకో చెవిలో ఉంటాయి. స్పీకర్లలో అవి గదిలో కలిసిపోతాయి. ఇయర్‌ఫోన్లలో కలవవు, అరగంటకే తల బరువెక్కుతుంది. క్రాస్‌ఫీడ్ (ఒక చెవి శబ్దాన్ని రెండో చెవికీ కొంత కలిపే ఏర్పాటు) ఉన్న ప్లేయర్‌లో దాన్ని ఆన్ చేయండి. లేదంటే మోనో ముద్రణ వెతకండి. మోనో అంటే తక్కువ రకం అనుకోవద్దు. పాబ్లో కసల్స్ 1936 నుంచి 1939 దాకా రికార్డు చేసిన బాఖ్ చెల్లో (వయొలిన్ జాతి పెద్ద వాద్యం) సూట్లు మోనోనే. పాత రికార్డు సూది గరగర కొంత ఉన్నా, చెల్లో నిండుగా నడినెత్తిన నిలబడి పలుకుతుంది. ఫైలు కూడా మోనోగానే చేస్తే తక్కువ చోటులో ఇముడుతుంది.

పాత పాటలూ కొత్త పాటలూ కలిపి వినేవాళ్లకి రీప్లేగెయిన్ (పాటలన్నీ దాదాపు ఒకే స్థాయిలో వినబడేలా చేసే ఏర్పాటు) లేకపోతే వాల్యూమ్ బొత్తాం మీంచి వేలు తీయడం కుదరదు. 1990ల తర్వాత వచ్చిన చాలా ముద్రణలు శబ్దాన్ని పిండి పైకి తోసినవి, పాతవి వాటి పక్కన మెల్లగా ఉంటాయి. రీప్లేగెయిన్ పాటని ముట్టుకోదు, ఎంత తగ్గించాలో ట్యాగులో (ఫైల్లోనే ఉండే వివరాల చీటీలో) రాస్తుంది, అంతే. పూర్తి ఆల్బముకి ఆల్బమ్ గెయిన్, కలగలుపు జాబితాకి ట్రాక్ గెయిన్ పెట్టాలి. ఆల్బముకి ట్రాక్ గెయిన్ పెడితే మెల్లగా ఉండాల్సిన పాట పక్కపాటతో సమానమైపోతుంది, కూర్చినవాళ్ల ఉద్దేశం చెడుతుంది.

ఇక చోటు లెక్క. 320 కేబీపీఎస్ ఎంపీ3 గంటకి 144 ఎంబీ. సీడీ నాణ్యత ఫ్లాక్ సంగీతాన్ని బట్టి గంటకి 300 నుంచి 400 ఎంబీ. అంటే 64 జీబీ కార్డులో ఫ్లాక్ అయితే సుమారు 180 గంటలు, 320 ఎంపీ3 అయితే 440 గంటలు. 24 బిట్, 96 కిలోహెర్ట్జ్ ఫైళ్లు (సీడీ కంటే వివరంగా దాచినవి) ప్లేయర్‌లో వేయకండి. చోటు రెండు మూడింతలు తింటాయి, బయట రొదలో తేడా తెలియదు. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లయితే ప్లేయర్ ఎలాగూ పాటని మళ్లీ కుదించే పంపుతుంది. ఫ్లాక్ మూలప్రతి ఇంట్లో హార్డ్‌డిస్క్‌లో ఉండాలి, అందులోంచి 256 ఏఏసీ చేసి ప్లేయర్‌కి పంపాలి అన్నది నా పద్ధతి. ఎంపీ3 నుంచి ఏఏసీకి మాత్రం ఎప్పుడూ మార్చకండి, రెండు కుదింపుల నష్టమూ కలుస్తుంది.

కార్డు కొనగానే దాన్ని నిండా రాసి తిరిగి చదివి చూసే ప్రోగ్రాముతో ఒకసారి పరీక్షించండి. నకిలీ కార్డు 128 జీబీ అని చూపిస్తూ అందులో కొంత నిండగానే పాత ఫైళ్ల మీదే రాసేస్తుంది. 32 జీబీ దాటిన కార్డులు ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో (ఫైళ్లు అమర్చే పద్ధతిలో) వస్తాయి. పాత ప్లేయర్ అది చదవకపోతే ఫ్యాట్32కి ఫార్మాట్ చేయాలి, అప్పుడు ఒక్కో ఫైలు 4 జీబీ దాటకూడదు.

పాటలు తప్పు వరసలో వస్తే రెండు చోట్ల చూడండి. ఫైలు పేర్లలో 1, 2, 10 అని ఉంటే కొన్ని ప్లేయర్లు 1 తర్వాత 10 పాడతాయి, అందుకే 01, 02 అని రాయాలి. ఇంకొన్ని ప్లేయర్లు పేర్లు చూడవు, కార్డులో రాసిన వరసనే పాడతాయి. వాటికి ఫోల్డరు చెరిపేసి పాటల్ని వరసగా మళ్లీ కాపీ చేయాలి. పలువురు పాడిన ఆల్బమ్ ముక్కలై కనిపిస్తే ‘ఆల్బమ్ ఆర్టిస్ట్’ ట్యాగు ఖాళీగా ఉందన్నమాట, అన్ని పాటలకీ అందులో ఒకే పేరు రాయండి. ట్యాగులు ఐడీ3వీ2.3 పద్ధతిలో, యూటీఎఫ్-16 అక్షర సంకేతాలతో సేవ్ చేస్తే ఎక్కువ ప్లేయర్లు చదువుతాయి. తెలుగులో రాస్తే మాత్రం ముందు ఒక్క పాటతో చూడండి. చాలా చిన్న ప్లేయర్లలో తెలుగు ఫాంటే ఉండదు, ఉన్నా ఒత్తులు, గుణింతాలు విడిపోయి పేరు చదవలేం.

అట్టబొమ్మ (ఆల్బమ్ కవర్) కనిపించకపోతే అది ప్రోగ్రెసివ్ జేపెగ్ (మసకగా మొదలై మెల్లగా తేరే రకం బొమ్మ ఫైలు) అయ్యుండొచ్చు. మామూలు బేస్‌లైన్ జేపెగ్‌గా, 500 పిక్సెళ్లకి తగ్గించి పెట్టండి, లైబ్రరీ స్కాన్ కూడా త్వరగా అవుతుంది. మ్యాక్ నుంచి కాపీ చేస్తే చుక్క, అండర్‌స్కోర్‌తో మొదలయ్యే చిన్న ఫైళ్లు కార్డులో చేరతాయి. ప్లేయర్ వాటిని పాటలనుకుని ఒక్కోదాని దగ్గర ఆగిపోతుంది. కాపీ అయ్యాక వాటిని చెరిపేసి, కార్డుని ఎజెక్ట్ చేశాకే తీయండి.