కూర్చునే తీరు సరిచేసే బెల్టు ఆన్‌లైన్‌లో కొంటున్నారా? కాస్త ఆగండి

నల్గొండ క్లాక్‌టవర్ దగ్గర నాది చిన్న డీటీపీ షాపు. ముహూర్తాలు మొదలైతే పొద్దున తొమ్మిదికి కూర్చుంటే రాత్రి పది దాకా లేచేది లేదు, శుభలేఖలు, ఫ్లెక్సీలు, అన్నీ అర్జెంటే. ఏడాదిగా భుజాలు ముందుకు వంగిపోయి, మెడ వెనక రాయి పెట్టినట్టుండేది. సరిగ్గా అప్పుడే ఫోన్లో యాడ్ వచ్చింది, తెల్లకోటు ఆయనొకడు "14 రోజుల్లో గూని మాయం, అయస్కాంత శక్తి, నచ్చకపోతే 7 రోజుల్లో పైసలు వాపస్" అన్నాడు. 1,299 రూపాయలు, క్యాష్ ఆన్ డెలివరీ. ఆర్డర్ పెట్టేశా.

కొరియర్ అబ్బాయి పైసలు ఇవ్వందే డబ్బా విప్పనీయలేదు, అది అతని తప్పు కాదులెండి. విప్పితే ఎమ్మార్పీ లేదు, తయారు చేసినవాడి అడ్రస్ లేదు. అది కట్టుకుని నిలబడితే మా అమ్మ చూసి "ఇదేంది బిడ్డా, ఎద్దుకు కాడి కట్టినట్టు!" అంది. నాలుగో రోజుకే చంకల కింద ఎర్రటి గీతలు పడ్డాయి, పలుపు ఒరుసుకున్న దూడ మెడలాగా. ఆ సాయంత్రం కీబోర్డు మీద కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కాయి, అప్పుడు భయమేసింది.

ఫిజియోథెరపీ మేడమ్‌కి చూపిస్తే, చంకలోంచి చేతికి పోయే నరాల మీద పట్టీ నొక్కుతోందని అన్నారు. బెల్టు లాగి పట్టుకున్నంతసేపు భుజం నిలబడుతుంది, విప్పితే మళ్లీ మామూలే, ఎందుకంటే పని చేయాల్సింది కండరం, పట్టీ కాదు. అయస్కాంతాలు నొప్పి తగ్గిస్తాయనడానికి సరైన ఆధారం లేదట. పైగా ఇంట్లో ఎవరికైనా పేస్‌మేకర్ ఉంటే ఇలాంటివి దగ్గరికి రానీయకండి.

మేడమ్ చెప్పినవి చాలా చిన్నవి. మానిటర్ కంటి ఎత్తుకు లేపమన్నారు, పాత శుభలేఖల శాంపిల్ పుస్తకాలు రెండు కింద పెట్టా. అరగంటకోసారి లేవడం, గడ్డాన్ని వెనక్కి లాగి అయిదు సెకన్లు పట్టడం, వెనక రెక్క ఎముకలు రెండూ దగ్గరికి తెచ్చి వదలడం, పూటకు పదిసార్లు. నెల దాటింది, నొప్పి పూర్తిగా పోలేదు గానీ రాత్రి నిద్ర పడుతోంది. రెండుసార్లు వెళ్లినా ఫీజు బెల్టు ధర దాటలేదు.

ఇక వాపస్ సంగతి. వాట్సాప్‌లో అడిగితే "మెడికల్ ఐటమ్, రిటర్న్ లేదు" అని బ్లాక్ చేశారు. 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి చేస్తే అమ్మినవాడి పేరు, అడ్రస్ అడిగారు, నా దగ్గర ఉంటే కదా! 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడు ఆ వివరాలు చూపించాలి. అవి లేని పేజీలో అసలు కొనకండి, కొంటే ముందే స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.

అసలు ప్రమాదం ఆ తర్వాత వచ్చింది. రెండు రోజులకు "మీ రిఫండ్ రెడీ సార్, క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అని ఒకడు ఫోన్. దాదాపు కొట్టేవాణ్నే, పక్కనున్న మా తమ్ముడు ఫోన్ గుంజుకున్నాడు. పైసలు మనకు రావడానికి యూపీఐ పిన్ ఎప్పుడూ అక్కర్లేదు. పొరపాటున పైసలు పోయినా ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

నిన్న మళ్లీ అదే వీడియో కనిపించింది. తెల్లకోటు ఆయన అదే, పేజీ పేరు మారింది, ధర 999కి దిగింది.