కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ వెబ్‌సైట్: యుద్ధానికి వెళ్ళి తిరిగిరాని పెద్దల కోసం

మీ ఇంట్లో ఎవరైనా బ్రిటిష్ సైన్యంలో చేరి బర్మా వైపు వెళ్ళి, ఆ తర్వాత ఏ కబురూ లేకుండా పోయారా? అయితే ముందు ఈ సైట్ చూడండి, రెండు ప్రపంచ యుద్ధాల్లో చనిపోయిన బ్రిటిష్, భారత తదితర కామన్వెల్త్ దేశాల సైనికుల వివరాలు ఇందులో ఉంటాయి. వెతకడానికి పైసా కట్టక్కర్లేదు. మా తాతయ్య వాళ్ళ అన్నయ్య పోయిన తిథి తెలియక ఇంట్లో ఏటా మహాలయ అమావాస్యకే పెట్టేవాళ్ళు, ఇక్కడ ఆయన పేరు పక్కన తారీఖు కనిపించేసరికి నాకు ఏడుపు ఆగలేదు, వెంటనే ఆ ఏడాది పంచాంగం వెతికి తిథి చూసుకున్నాం. బర్మా యుద్ధంలో పోయి సమాధి తెలియనివాళ్ళ పేర్లు యాంగోన్ (అప్పటి రంగూన్) దగ్గర తౌక్యాన్‌లోని రంగూన్ మెమోరియల్ మీద దాదాపు 27,000 ఉన్నాయి, భారత సైనికులవీ అందులో ఉన్నాయి.

పేరుతో వెతకాలంటే ఓపిక కావాలి. ఇంటిపేరు ఉండకపోవచ్చు, వెంకయ్య అన్న ఒక్క పేరునే రకరకాల స్పెల్లింగులతో కొట్టి చూడాలి. సర్వీస్ నంబరో రెజిమెంటో తెలిస్తే సగం పని అయిపోయినట్టే. కొన్ని ఎంట్రీల్లో తండ్రి పేరు, ఊరు కూడా ఉంటాయి. రెండో ప్రపంచ యుద్ధానికి సంబంధించి 1939 సెప్టెంబర్ 3 నుంచి 1947 డిసెంబర్ 31 లోపు పోయినవాళ్ళనే లెక్కలోకి తీసుకుంటారు. 1942లో జపాన్ దాడికి భయపడి రంగూన్ నుంచి కాలినడకన వస్తూ దారిలో పోయిన మన కూలీల కోసమైతే ఇక్కడ ఆశ పెట్టుకోకండి, వాళ్ళు సైనికులు కారు కదా.