నైనీతాలా, భీమ్‌తాలా?

ఉత్తరాఖండ్ కొండల్లో కొన్నాళ్లు ఉండాలనుకుంటే చాలామందికి ముందు తట్టేది నైనీతాల్. సరస్సు, చుట్టూ కొండలు, మాల్ రోడ్డు, హైకోర్టు, పాత బోర్డింగ్ స్కూళ్లు అన్నీ అక్కడే. ఎత్తు దాదాపు 2,000 మీటర్లు. చలికాలంలో మంచు కూడా పడుతుంది, విజయవాడ ఎండల్లో పెరిగిన ఒంటికి అది మామూలు చలి కాదు! మే, జూన్ వచ్చాయంటే టూరిస్టుల కార్లతో ఊరు ఇరుక్కుపోతుంది, పార్కింగ్ టెన్షన్ సరేసరి. పైగా ఆ కొండవాలులు అంత గట్టివి కావు. 1880లో కొండచరియ విరిగిపడి 151 మంది చనిపోయారు. ఇల్లు అద్దెకు తీసుకునే ముందు దాని వెనకున్న కొండను కూడా ఓసారి చూసుకోవాలి.

ఏడాదంతా ఉండటానికైతే నా ఓటు భీమ్‌తాల్‌కే. నైనీతాల్‌కి ఇరవై కిలోమీటర్ల పైచిలుకు దూరం, ఎత్తు సుమారు 1,370 మీటర్లు. చలి తక్కువ, కాఠ్‌గోదాం రైల్వే స్టేషన్ దగ్గర. సరస్సు మధ్యలో చిన్న దీవి ఉంటుంది. సాత్‌తాల్, నౌకుచియాతాల్ సరస్సులు కూడా పక్కనే. చీకటి పడితే మాత్రం ఊరు తొందరగా సద్దుమణుగుతుంది, కొందరికి అది బోర్.

పెద్ద వైద్యం కావాలంటే ఈ రెండింట్లో ఎక్కడున్నా కొండ కింద ఉన్న హల్ద్వానీ పట్టణానికి దిగాల్సిందే.