"ఒకే సిట్టింగ్‌లో ఇంటర్" అని అడ్వాన్స్ అడుగుతున్నారా? కట్టే ముందు ఇది చూడండి

ఇంటర్ ఫలితాలు రావడమే ఆలస్యం, గోడల మీదా వాట్సాప్ గ్రూపుల్లోనూ ఒకటే ప్రకటన: "ఫెయిలయ్యారా? చదువు మధ్యలో ఆగిందా? ఒకే సిట్టింగ్‌లో ఇంటర్. పాస్ గ్యారంటీ. ప్రభుత్వ గుర్తింపు ఉంది." దీన్ని నమ్మి డబ్బు కట్టినవాళ్లు రెండు రకాలుగా మోసపోతున్నారు. కొందరి చేతికి లేని బోర్డు మెమో వస్తోంది. ఇంకొందరిని నిజమైన ఓపెన్ స్కూల్లోనే చేర్పిస్తారు, కానీ ఆ చేర్పించే తీరులోనే కొంప ముంచుతారు. మొదటి రకం గురించి అందరూ ఎంతో కొంత విన్నదే. రెండోదాన్ని కనిపెట్టడం కష్టం, ఎందుకంటే అందులో కాగితాలన్నీ అసలువే.

ముందు దొంగ బోర్డు సంగతి. "నేషనల్", "సెంట్రల్", "కౌన్సిల్", "ఓపెన్", "ఢిల్లీ" అనే మాటల్ని అటూ ఇటూ మార్చి పేరు పెడతారు. వినగానే కేంద్ర ప్రభుత్వ సంస్థ అనిపిస్తుంది. గుర్తింపు ఏదని అడిగితే సొసైటీ రిజిస్ట్రేషన్ పత్రమో, ట్రస్ట్ డీడో, ఐఎస్‌ఓ సర్టిఫికెటో ముందు పెడతారు. వీటిలో ఏ ఒక్కటీ పరీక్షలు పెట్టి పట్టా ఇచ్చే అధికారం ఇవ్వదు. కాలనీ సంక్షేమ సంఘానికి కూడా సొసైటీ రిజిస్ట్రేషన్ ఉంటుంది మరి!

వెబ్‌సైట్‌లో రోల్ నంబర్ కొడితే మార్కులు కనిపిస్తాయి కదా అంటారు. కనిపిస్తాయి. మెమో అచ్చు వేసినవాళ్లే ఆ పేజీ కూడా పెట్టారు. ఈ మధ్య ఇంకో ఎత్తు నడుస్తోంది. డిజిలాకర్ యాప్ తెరిచి "ఇదిగో, మీ మెమో ఇక్కడే ఉంది" అని చూపిస్తారు. అది ఏ భాగంలో ఉందో చూడండి. బోర్డు నేరుగా పంపిన పత్రాలు "ఇష్యూడ్ డాక్యుమెంట్స్" కింద ఉంటాయి. "డ్రైవ్" అనే భాగంలో ఎవరైనా ఏ ఫైలైనా ఎక్కించుకోవచ్చు, కరెంటు బిల్లుతో సహా. ఏజెంట్ చూపించే మెమో దాదాపు ఎప్పుడూ డ్రైవ్‌లోనే ఉంటుంది.

"రెండేళ్ల క్రితం పాసైనట్టు మెమో ఇస్తాం, పరీక్ష రాయక్కర్లేదు" అన్నారంటే ఇక బోర్డు అసలుదా నకిలీదా అని ఆరా తీసే పని కూడా లేదు. అది ఫోర్జరీ. లేచి వచ్చేయండి.

ఇక రెండో రకం. కేంద్ర విద్యాశాఖ కింద పనిచేసే ఎన్‌ఐఓఎస్ (జాతీయ ఓపెన్ స్కూల్ సంస్థ)లో పన్నెండో తరగతి ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయొచ్చు. అందుకే "ఒకే సిట్టింగ్" అనే మాట పూర్తిగా అబద్ధం కాదు, అందుకే అంత తేలిగ్గా అమ్ముడుపోతోంది. ఏజెంట్ నోరు విప్పని షరతులు వేరే ఉన్నాయి. ఐదు సబ్జెక్టులూ ఒకేసారి రాయాలంటే పదో తరగతి పాసై రెండేళ్లు గడవాలి. పబ్లిక్ పరీక్షలు ఏడాదికి రెండుసార్లే, ఏప్రిల్-మే, అక్టోబర్-నవంబర్ నెలల్లో. ఒకసారి చేరితే అడ్మిషన్ ఐదేళ్లు చెల్లుతుంది కాబట్టి, "ఈ బ్యాచ్ పోతే మళ్లీ సీటు ఉండదు" అని తొందరపెట్టేవాడు కేవలం తన కమీషన్ కోసమే తొందరపడుతున్నాడు.

అసలు తిరకాసు దరఖాస్తులోనే ఉంది. ఫారంలో అభ్యర్థి మొబైల్ నంబర్ బదులు ఏజెంట్ తన నంబర్ వేస్తాడు. ఈమెయిల్ కూడా తనదే. దాంతో ఓటీపీలు, హాల్ టికెట్, పరీక్షా కేంద్రం వివరాలు అన్నీ అతని ఫోన్‌కే పోతాయి. పరీక్షకు వారం ముందు "హాల్ టికెట్ కావాలంటే ఇంకో పది వేలు" అంటే, మీ ఎన్‌రోల్‌మెంట్ నంబర్ కూడా మీకు తెలియదు కాబట్టి కిక్కురుమనలేరు. అడ్మిషన్ ఫీజు, పరీక్ష ఫీజు రెండూ వేర్వేరు. మొదటిది కట్టి రెండోది ఎగ్గొట్టి "ఈసారి బోర్డు వాయిదా వేసింది" అనడం మామూలైపోయింది. బోర్డుకు చేరే ఫీజు కొన్ని వేలే. ప్యాకేజీ పేరుతో తీసుకునే మిగతాదంతా ఏజెంట్ జేబులోకే.

అసైన్‌మెంట్ల విషయంలోనూ ఇంతే. టీఎంఏ అని పిలిచే వీటికి థియరీలో 20 శాతం వాటా ఉంది. "అవన్నీ మేం చూసుకుంటాం" అంటారు, చూసుకోరు. ఆ మార్కులు సున్నా. ఫిజిక్స్, కెమిస్ట్రీ లాంటి వాటికి ప్రాక్టికల్స్ విడిగా ఉంటాయి. థియరీలోనూ ప్రాక్టికల్‌లోనూ విడివిడిగా 33 శాతం రావాలి. ప్రాక్టికల్ తేదీ మీకు చేరకపోతే థియరీ ఎంత బాగా రాసినా ఆ సబ్జెక్టు పోయినట్టే.

వీటన్నిటినీ మించిన నష్టం సబ్జెక్టుల ఎంపికలో జరుగుతుంది. పాస్ గ్యారంటీ నిలబెట్టుకోవడానికి హోమ్ సైన్స్, పెయింటింగ్, డేటా ఎంట్రీ లాంటివి టిక్ పెట్టేస్తారు. మెమో అసలుదే, పాసైనదీ నిజమే. కానీ ఇంజినీరింగ్ కోసం ఎప్‌సెట్ రాయాలంటే గణితం, ఫిజిక్స్, కెమిస్ట్రీ చదివి ఉండాలి, ఆ గ్రూపు సబ్జెక్టుల్లో 45 శాతం, రిజర్వేషన్ ఉన్నవాళ్లకు 40 శాతం రావాలి. సర్టిఫికెట్ల పరిశీలనలో ఆ మెమో అక్కడే ఆగిపోతుంది. అందుకే ఫారం పంపే ముందు సబ్జెక్టు కోడ్‌లు మీ కళ్లతో చూసుకోండి. పన్నెండో తరగతి కోడ్‌లు 3తో మొదలవుతాయి: ఇంగ్లిష్ 302, గణితం 311, ఫిజిక్స్ 312, కెమిస్ట్రీ 313, బయాలజీ 314. 2తో మొదలైతే మిమ్మల్ని పదో తరగతిలోనే మళ్లీ కూర్చోబెట్టారన్నమాట.

ఇంకొకటి, టీఓసీ (ట్రాన్స్‌ఫర్ ఆఫ్ క్రెడిట్). గుర్తింపు ఉన్న బోర్డులో ఇదివరకు పాసైన సబ్జెక్టుల్ని రెండు వరకు బదిలీ చేసుకునే వీలుంది. మంచి సదుపాయం. దీన్ని వాడుకుని, అభ్యర్థి రాయని పరీక్షకు నకిలీ మెమో జతచేసి రెండు సబ్జెక్టులు తగ్గించేవాళ్లున్నారు. ఆ జతచేసిన కాగితం కింద సంతకం మీది.

దొంగ మెమో వెంటనే దొరకదు. డిగ్రీ కాలేజీ ముందు చేర్చుకోవచ్చు కూడా. తర్వాత కానిస్టేబుల్ ఉద్యోగమో, స్టాఫ్ సెలక్షన్ కమిషన్ ఇంటర్ అర్హతతో భర్తీ చేసే సీహెచ్‌ఎస్‌ఎల్ పోస్టో వచ్చాక శాఖ నేరుగా బోర్డుకు ఉత్తరం రాస్తుంది. ఏజెంట్ తెచ్చిచ్చే "వెరిఫికేషన్ లెటర్" అక్కడ చిత్తుకాగితం. ఉద్యోగం పోతుంది, ఆ ఇంటర్ మీద కట్టుకున్న డిగ్రీ కూడా ప్రశ్నలో పడుతుంది. నకిలీ పత్రాన్ని అసలుదిగా వాడటం భారతీయ న్యాయ సంహిత 340వ సెక్షన్ కింద నేరం. "నాకు తెలియదు" అన్న మాట, పరీక్షే రాయకుండా మెమో పుచ్చుకున్నవాళ్ల నోట నిలబడదు.

సరైన దారులు లేక కాదు. ఒకటి రెండు సబ్జెక్టులే పోతే అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ ఉండనే ఉంది. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటికీ సొంత ఓపెన్ స్కూల్ సొసైటీలున్నాయి. ఆర్ట్స్ గ్రూపులైతే కాలేజీకి వెళ్లకుండా హాజరు మినహాయింపు ఫీజు కట్టి ఇంటర్ బోర్డు పరీక్షే రాయొచ్చు. పదో తరగతి మీదే పాలిటెక్నిక్‌లో చేరి, డిప్లొమా తర్వాత ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడాదిలోకి వెళ్లినవాళ్లకు ఇంటర్ మెమోతో పనే పడదు. రెండేళ్ల ఐటీఐ చేసినవాళ్లకు ఎన్‌ఐఓఎస్‌లో ఐదు సబ్జెక్టులూ రాయనక్కర్లేకుండా పన్నెండో తరగతి పూర్తిచేసే వెసులుబాటు ఉంది. దీని గురించి ఏ ఏజెంటూ చెప్పడు, ఎందుకంటే అందులో అమ్మడానికేమీ లేదు.

ఇప్పటికే డబ్బు కట్టేసి ఉంటే, మిగతా సొమ్ము అడిగినా ఇవ్వకండి. మొదట పదో తరగతి ఒరిజినల్ మెమో వెనక్కి తెచ్చుకోండి. బాకీ తీరేదాకా దాన్ని దగ్గర పెట్టుకోవడం వీళ్లకు అలవాటు, అలా పెట్టుకునే హక్కు వాళ్లకు లేదు. ఇవ్వకపోతే పోలీస్ స్టేషన్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫోన్ పే, గూగుల్ పే లావాదేవీ నంబర్లు, వాట్సాప్ చాట్, ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి. ఆన్‌లైన్‌లో పంపిన డబ్బయితే ఆ రోజే 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ ఖాతాలోంచి సొమ్ము జారిపోతుంది. చేతికి నకిలీ మెమో వచ్చి ఉంటే దాన్ని ఎక్కడా సమర్పించకండి, చింపేయకండి కూడా, ఫిర్యాదుకు అదే ఆధారం. ఎన్‌ఐఓఎస్‌లోనే చేర్పించి నంబర్ మాత్రం తనది వేసుకుని ఉంటే, ఆధార్ పట్టుకుని ప్రాంతీయ కేంద్రానికి నేరుగా వెళ్లి మొబైల్, ఈమెయిల్ మార్పించుకోండి. అక్కడే సబ్జెక్టులేం పడ్డాయో, పరీక్ష ఫీజు కట్టారో లేదో అడిగి కనుక్కోండి.