రొయ్యల చెరువు మీద 25 కేవీఏ డీజిల్ జనరేటర్: ఆరేళ్ల వాడకం తర్వాత

ఉండి, ఆకివీడు వైపు మూడెకరాల వెనామీ రొయ్యల చెరువు, అందులో నీళ్లలోకి గాలి కలిపే రెండేసి హెచ్‌పీ ఏరేటర్లు ఎనిమిది. ఈ లోడుకి మూడు ఫేజుల 25 కేవీఏ మెషీన్ సరిగ్గా సరిపోయింది. చాలామంది ధైర్యం కోసం 62.5 కేవీఏది కొంటున్నారు. అది డబ్బు దండగే కాదు, ఇంజనుకీ చేటు. లోడు మూడో వంతు కూడా లేకపోతే ఇంజను వేడెక్కదు, డీజిల్ పూర్తిగా కాలదు. సైలెన్సర్ జాయింటు దగ్గర తారులాంటి నల్లటి జిడ్డు కారుతోందంటే కారణం అదే.

లెక్క చూడండి. ఒక్కో మోటారు నడిచేటప్పుడు దాదాపు 3.4 ఆంపియర్లు తీసుకుంటుంది, ఎనిమిదికి 27. 25 కేవీఏ ఇవ్వగలిగేది 415 వోల్టుల దగ్గర సుమారు 35. మిగులు బాగానే ఉంది కదా అనిపిస్తుంది. కానీ స్టార్టయ్యేటప్పుడు ఒక్కో మోటారు ఆరు రెట్లు, అంటే 20 ఆంపియర్లు లాగుతుంది. ఒకదాని తర్వాత ఒకటి వేస్తే మెషీన్ కాస్త మూలిగి తట్టుకుంటుంది. కరెంటు పోయినప్పుడు మోటార్ల స్టార్టర్లన్నీ ఆన్‌లోనే వదిలేసి చేంజోవర్ (లోడుని కరెంటు నుంచి జనరేటర్‌కి మార్చే స్విచ్) తిప్పితే ఒకేసారి 160 ఆంపియర్లు అడుగుతాయి. వోల్టేజీ పడిపోయి స్టార్టర్లలో మోటారుని కలిపే కాంటాక్టర్లు టకటకా కొట్టుకుంటాయి. అందుకే ప్రతి స్టార్టరుకీ పది సెకన్ల తేడాతో టైమర్ పెట్టించాలి. పెద్ద జనరేటర్ కంటే ఇది ఎంతో చవక.

బిగించిన రోజే ఏరేటర్ ఎటు తిరుగుతోందో చూడండి. కరెంటు మీద సరిగ్గా తిరిగే రెక్కలు జనరేటర్ మీద వెనక్కి తిరిగితే ఫేజుల వరస తేడా. మోటారు దగ్గర వైర్లు ముట్టుకోవద్దు, జనరేటర్ వైపు ఏవైనా రెండు ఫేజులు అటూ ఇటూ మారిస్తే చాలు. చేంజోవర్ లేకుండా నేరుగా లైనుకి కలిపితే మాత్రం స్తంభమెక్కిన లైన్‌మన్ ప్రాణం పోతుంది.

డీజిల్ ఈ లోడుకి గంటకి నాలుగు, నాలుగున్నర లీటర్లు.

మొరాయించింది ఇంజను కాదు, ఎక్కువసార్లు బ్యాటరీయే. తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అట్టడుగున ఉంటుంది, అప్పుడే సెల్ఫు తిరగకపోతే రొయ్య పైకి తేలిపోతుంది. చార్జర్ ఎప్పుడూ వేసే ఉంచాలి, టెర్మినళ్లకి వాజలిన్ రాయాలి. వానాకాలం డీజిల్ డ్రమ్ముల్లోకి నీళ్లు దిగుతాయి కాబట్టి ఫిల్టరు కింద డ్రెయిన్ మర వారానికోసారి విప్పి నీళ్లు వదిలేయాలి. నర్సాపురం దాటి సముద్రం వైపు ఉన్నవాళ్లు ఉప్పుగాలిని తేలిగ్గా తీసుకోవద్దు. ఆల్టర్నేటర్ (కరెంటు పుట్టించే భాగం) చుట్టకి తేమ పడితే ఇన్సులేషన్ దెబ్బతింటుంది. ఇన్సులేషన్ కొలిచే మెగ్గర్‌తో చూస్తే ఒక మెగా ఓమ్‌కి తగ్గిందంటే ఆరబెట్టకుండా నడపకూడదు. జనరేటర్ దిమ్మె చెరువు గట్టు కంటే ఎత్తులో కట్టించాలి.

2023 జూలై నుంచి వచ్చిన కొత్త ఉద్గార నిబంధనల వల్ల ఈ సైజు కొత్త ఇంజన్లలో ఎలక్ట్రానిక్ నియంత్రణ ఉంటోంది. పొగ తక్కువ, కానీ ఊళ్లో మెకానిక్ చేతికి లొంగదు. దగ్గర్లో సర్వీసు ఉందో లేదో తెలుసుకున్నాకే అడ్వాన్సు ఇవ్వండి.

ఇంటికైతే ఇదంతా అక్కర్లేదు. ఫ్రిజ్, ఫ్యాన్లు, లైట్లకి రెండున్నర కేవీఏ సింగిల్ ఫేజు పెట్రోల్‌ది చాలు. అయితే దాన్ని వసారాలోనో గదిలోనో పెట్టొద్దు, ఆ పొగలోని విషవాయువుకి వాసన ఉండదు. వారం వారం పది నిమిషాలు నడిపేటప్పుడు, ఏ మెషీనైనా, లోడు వేసే నడపండి.